చౌకగా, సులువుగా హెచ్ఐవీ చికిత్సను గమనించే పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్ఐవీ మందుల ధర 2001 తరువాత ఎలా పడిపోయిందో చాలామందికి తెలుసు. ఆ మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పే పరీక్షలు మాత్రం అంత త్వరగా చౌక కాలేదు, అంత త్వరగా పల్లెలకు చేరలేదు. ఆ వెనుకబాటు ఎందుకు వచ్చింది, దాన్ని పూడ్చడానికి ముఖ్యంగా ఆఫ్రికా దేశాల్లో ఏయే ప్రయత్నాలు జరిగాయి, వాటిలో ఏవి నిలిచాయి అనే విషయాలపై పాఠకులు, ఆరోగ్య కార్యకర్తలు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలున్నాయి.

హెచ్ఐవీ ఉందని తేల్చే పరీక్షకూ, చికిత్సను గమనించే పరీక్షలకూ తేడా ఏమిటి?

వైరస్ ఉందా లేదా అన్నది తేల్చేది నిర్ధారణ పరీక్ష. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో, గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో కూడా, అరగంట లోపు ఆ పని పూర్తవుతుంది. అది ఒక్కసారితో ముగిసే ప్రశ్న. చికిత్స అలా ముగియదు. మందులు జీవితాంతం వేసుకోవాలి కాబట్టి, ఆ మందులు వైరస్‌ను అణచిపెడుతున్నాయా, రోగనిరోధక శక్తి కోలుకుంటోందా, కాలేయానికీ మూత్రపిండాలకూ రక్తానికీ హాని జరగడం లేదు కదా అని ఏళ్ల తరబడి చూసుకుంటూ ఉండాలి. ఇందుకు ప్రధానంగా రెండు కొలతలు వాడతారు. మొదటిది శరీర రక్షణ బలాన్ని చెప్పే సీడీ4 కౌంట్, రెండవది రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్. మొదటిది ఇప్పటివరకు జరిగిన నష్టాన్ని చూపిస్తుంది, రెండవది ఇప్పుడు జరుగుతున్నదాన్ని చూపిస్తుంది. మందులు పనిచేయకపోతే ముందుగా వైరల్ లోడ్ పెరుగుతుంది. కొన్ని నెలల తరువాత సీడీ4 తగ్గడం మొదలవుతుంది, ఆ తరువాత ఎప్పుడో మనిషి జబ్బుపడతాడు. ఈ మూడింటి మధ్య ఉన్న వ్యవధే ఈ పరీక్షల అవసరానికి మూలం.

సీడీ4 కౌంట్ తీయడం ఎందుకంత కష్టమైంది?

సీడీ4 కణాలు తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. వీటిని మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే పక్కనున్న ఇతర లింఫోసైట్లతో (అదే కుటుంబానికి చెందిన తెల్లకణాలతో) తేడా కనపడదు. అందువల్ల వాటికి మాత్రమే అతుక్కునే మెరిసే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) కలిపి, కణాలను ఒకదాని వెనుక ఒకటిగా లేజర్ కాంతి ముందునుంచి పోనిచ్చి లెక్కించాల్సి వచ్చింది. ఈ పని చేసే యంత్రాన్ని ఫ్లో సైటోమీటర్ అంటారు. దాని ఖరీదు వేల డాలర్లలో ఉంటుంది, దాని రసాయనాలను చల్లగా నిలవ చేయాలి, కరెంటు నిలకడగా ఉండాలి, శిక్షణ పొందిన టెక్నీషియన్ కావాలి. తీసిన రక్తం కూడా రెండు రోజులు దాటితే చాలా పద్ధతుల్లో నమ్మదగినదిగా ఉండదు. రాజధాని నగరంలోని ప్రయోగశాలకు ఇవన్నీ సాధ్యమే. వర్షాకాలంలో బురదదారి తప్ప మరో దారిలేని జిల్లా ఆసుపత్రికి వీటిలో ఏ ఒక్కటీ తేలిక కాదు.

అయితే ఖరీదైన యంత్రం లేకపోతే చికిత్స ప్రారంభించకూడదా?

ఈ ప్రశ్నపై 2000 తరువాతి దశాబ్దంలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. ప్రయోగశాలలు లేని చోట హెచ్ఐవీ మందులు ఇవ్వడం ప్రమాదమనీ, మందులకు లొంగని వైరస్ పుట్టుకొస్తుందనీ కొందరు గట్టిగా వాదించారు. ఆ ప్రయోగశాలలు వచ్చేదాకా ఆగితే రోగులు మిగలరని మరికొందరు బదులిచ్చారు.

ఈ వాదనకు ఆధారాలతో జవాబు చెప్పినది ఉగాండా, జింబాబ్వే దేశాల్లో జరిగిన డార్ట్ అనే పరిశోధన. ఇందులో 3,316 మంది పెద్దలను రెండు వర్గాలుగా విడగొట్టారు. ఒక వర్గానికి మూడు నెలలకొకసారి సీడీ4, ఇతర రక్తపరీక్షల ఫలితాలు వైద్యుడి చేతికి అందాయి. రెండవ వర్గంలో వైద్యుడు ప్రధానంగా రోగి లక్షణాలను, బరువును, వచ్చిన జబ్బులను చూసి నిర్ణయాలు తీసుకున్నాడు. ఐదేళ్ల తరువాత చూస్తే పరీక్షలు అందిన వర్గంలో 90 శాతం, అందని వర్గంలో 87 శాతం బతికి ఉన్నారు. తేడా లేదని కాదు, ఉంది, అది రెండవ సంవత్సరం తరువాత కనిపించడం మొదలైంది. కానీ చికిత్సే అందకపోతే ఈ మనుషుల్లో అత్యధికులు ఆ ఐదేళ్లు చూసి ఉండేవారు కాదు. అందుకే పరీక్ష లేదన్న సాకుతో మందు ఆపకూడదన్నది ఈ పరిశోధన నుంచి అందరూ గ్రహించిన విషయం. పరీక్షలు అనవసరమని దీని నుంచి తేల్చేయడం మాత్రం తొందరపాటు. లక్షణాలు బయటపడేదాకా ఆగితే అప్పటికే వైరస్ మందులను తట్టుకోవడం నేర్చుకుని ఉంటుంది, అప్పుడు మార్చాల్సిన మందులు మరింత ఖరీదైనవి.

మలావీ దేశం ఇదే దారిలో నడిచింది. 2004లో అక్కడ ఉచిత చికిత్స విస్తరణ మొదలైనప్పుడు సీడీ4 యంత్రాలు చాలా కొద్దిచోట్ల మాత్రమే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నాలుగు దశల వర్గీకరణ ఆధారంగా, అంటే రోగిని కళ్లతో చూసి, ప్రశ్నలు అడిగి, వైద్యాధికారులూ నర్సులూ మందులు మొదలుపెట్టారు. గర్భిణుల విషయంలో ఇబ్బంది వచ్చింది. ఎవరికి జీవితాంతం చికిత్స, ఎవరికి కాన్పు వరకు మాత్రమే మందులు అన్నది అప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం సీడీ4 చూసి తేల్చాలి. ఆ పరీక్షే లేదు. దాంతో 2011లో మలావీ, హెచ్ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ సీడీ4తో నిమిత్తం లేకుండా జీవితాంతం చికిత్స ఇస్తామని నిర్ణయించింది. ‘ఆప్షన్ బి ప్లస్’ పేరుతో తరువాత ఎన్నో దేశాలు ఈ విధానాన్ని స్వీకరించాయి. యంత్రం లేని పేద దేశం తన లేమిలోంచి తీసిన నిర్ణయాన్ని ధనిక దేశాల నిపుణులు తరువాత మార్గదర్శకంగా రాసుకున్నారు. ప్రజారోగ్య చరిత్రలో ఇలాంటివి అరుదు.

సీడీ4 పరీక్షను చౌక చేయడానికి ఏయే దారులు వెతికారు?

మొదటి దారి ఉన్న యంత్రాన్నే పొదుపుగా వాడడం. దక్షిణాఫ్రికాలో డెబ్బీ గ్లెన్‌క్రాస్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన పాన్‌ల్యూకోగేటింగ్ పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. అప్పటివరకు నాలుగైదు ప్రతిరక్షకాలు కలిపి చేసే లెక్కను వారు రెండింటితోనే చేయగలిగారు. మొత్తం తెల్లకణాలను ఆధారంగా తీసుకుని వాటిలో సీడీ4 కణాల వాటాను కొలవడం దీని కిటుకు. రసాయనాల ఖర్చు తగ్గింది, కొన్ని రోజులు నిలవున్న రక్తం నుంచి కూడా నమ్మదగిన లెక్క వచ్చింది. దూరపు క్లినిక్‌ల నుంచి నమూనాలు వచ్చే దేశంలో ఖర్చు తగ్గడం కన్నా ఈ రెండవ లాభమే పెద్దదని నా అభిప్రాయం.

రెండవ దారి యంత్రాన్ని పక్కనపెట్టడం. అయస్కాంత పూసలకు సీడీ4 కణాలను అతికించి, వేరు చేసి, సూక్ష్మదర్శినిలో చేత్తో లెక్కపెట్టే పద్ధతులు వచ్చాయి. యంత్రం ఖర్చు తప్పింది కానీ ఆ భారం మనిషి మీద పడింది. రోజుకు కొద్ది నమూనాలు మించి చేయలేక, అలసిన కళ్లతో తప్పులు దొర్లక తప్పక, రోగులు పెరిగేకొద్దీ ఈ పద్ధతి వెనుకబడింది. సీడీ4కు బదులు మొత్తం లింఫోసైట్ల లెక్కను వాడవచ్చని ఒక దశలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. లక్షణాలు ఉన్నవారిలో చికిత్స మొదలుపెట్టడానికి అది కొంత ఉపయోగపడింది, చికిత్సను గమనించడానికి పనికిరాలేదు.

మూడవ దారి పరీక్షను రోగి దగ్గరకే తీసుకురావడం. 2010 ప్రాంతంలో వచ్చిన పీమా అనే పరికరం ఇందులో బాగా వ్యాపించింది. వేలి నుంచి తీసిన కొద్దిపాటి రక్తాన్ని ఒక కాట్రిడ్జిలో నింపి పరికరంలో పెడితే, లోపలి కెమెరా కణాల బొమ్మలు తీసి ఇరవై నిమిషాల్లో సంఖ్య చెబుతుంది. రసాయనాలు కాట్రిడ్జిలోనే ఎండిన రూపంలో ఉంటాయి కాబట్టి ఫ్రిజ్ అక్కరలేదు. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. ఆ తరువాత మెల్‌బోర్న్‌లోని బర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధన నుంచి పుట్టిన విసిటెక్ట్ అనే పట్టీ పరీక్షకు పరికరమే అవసరం లేదు. గర్భనిర్ధారణ పట్టీలాగే దానిమీద గీతలు వస్తాయి. పరీక్ష గీతను పక్కనున్న ప్రమాణ గీతతో పోల్చి, సీడీ4 200 కన్నా తక్కువా, ఎక్కువా అని నలభై నిమిషాల్లో చెప్పవచ్చు. కచ్చితమైన అంకె రాదు. 2020లో దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత, అంటే నాణ్యత పరిశీలించి ఇచ్చే గుర్తింపు, లభించింది.

పరీక్ష అక్కడికక్కడే జరిగితే నిజంగా తేడా ఉంటుందా, లేక సౌకర్యం మాత్రమేనా?

మొజాంబిక్‌లో ఇలేష్ జానీ బృందం చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. ఆ రోజుల్లో సీడీ4 చూడనిదే చికిత్స మొదలయ్యేది కాదు. రోగి వస్తాడు, రక్తం ఇస్తాడు, ఫలితానికి మళ్లీ రమ్మంటారు, ఫలితం రాలేదంటారు, మరోసారి రమ్మంటారు. ఆ రాకపోకల్లో బస్సు చార్జీ, ఆ పూట కూలి, ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనన్న బెదురు అన్నీ కలిసి మనిషి మాయమవుతాడు. సీడీ4 దశ పూర్తికాకముందే అలా చేజారిపోయినవారు 57 శాతం ఉండగా, పీమా పరికరాలు క్లినిక్‌లోనే పెట్టాక ఆ సంఖ్య 21 శాతానికి తగ్గింది. చికిత్స మొదలయ్యేలోగా మొత్తంమీద చేజారినవారు 64 నుంచి 33 శాతానికి తగ్గారు. పేరు నమోదైన నాటి నుంచి మందు మొదలయ్యేదాకా పట్టే కాలం 48 రోజుల నుంచి 20 రోజులకు వచ్చింది. పెద్ద ప్రయోగశాలలో ఒక్కో పరీక్షకయ్యే ఖర్చు తక్కువే కావచ్చు. కానీ రోగి చేతికి అందని ఫలితానికి పెట్టిన ఖర్చు ఎంత తక్కువైనా అది వృథా. పరీక్ష ధరను లెక్కకట్టేటప్పుడు ‘ఒక్కో పరీక్షకు ఎంత’ అని కాక, ‘చికిత్సను మార్చిన ఒక్కో ఫలితానికి ఎంత’ అని అడగాలి.

ఇప్పుడు అందరికీ వెంటనే చికిత్స ఇస్తున్నారు కదా, సీడీ4తో ఇంకా పనేమిటి?

చికిత్స మొదలుపెట్టడానికి ఆ అంకె అవసరం లేదన్నది నిజమే. సీడీ4 ఇంతకు తగ్గితే చికిత్స మొదలుపెట్టాలన్న హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో 350, 2013లో 500 అని పెంచుకుంటూ వచ్చి, 2015లో ఆ హద్దునే ఎత్తివేసింది. భారతదేశం 2017లో అందరికీ చికిత్స విధానంలోకి వచ్చింది. ఇక సీడీ4 అక్కరలేదని చాలా కార్యక్రమాలు దాన్ని పక్కన పెట్టాయి, దాతల నిధులు వైరల్ లోడ్ వైపు మళ్లాయి, తయారీదారులకు గిరాకీ తగ్గింది.

అయితే ఇప్పటికీ ఎందరో బాగా ముదిరిన స్థితిలోనే మొదటిసారి ఆసుపత్రికి వస్తున్నారు, మధ్యలో మందులు మానేసి మళ్లీ వచ్చేవారూ తక్కువేమీ లేరు. ఐదేళ్లు దాటినవారిలో సీడీ4 200 లోపు ఉన్నా, మూడవ లేదా నాలుగవ దశ జబ్బులున్నా దాన్ని ముదిరిన హెచ్ఐవీగా 2017 మార్గదర్శకాలు నిర్వచించాయి. అలాంటివారిని చంపేవి ముఖ్యంగా క్షయ, మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ శిలీంధ్రం. ఈ రెండింటికీ ఇప్పుడు పట్టీ పరీక్షలున్నాయి. క్షయకు మూత్రంతో, క్రిప్టోకాకస్‌కు రక్తంతో. కానీ వాటిని ఎవరికి చేయాలో తెలియాలంటే ముందు సీడీ4 తెలియాలి. మనిషి నడుచుకుంటూ వచ్చి, ఆరోగ్యంగానే కనిపించి, సీడీ4 60 ఉన్న సందర్భాలు ఉంటాయి. కళ్లతో చూసి అంచనా వేయడం ఇక్కడే దెబ్బతింటుంది. విసిటెక్ట్ లాంటి పట్టీ 200 దగ్గరే గీత గీయడానికి కారణం కూడా ఇదే.

వైరల్ లోడ్ ఫలితంలో 1000 అన్న అంకెకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఒక మిల్లీలీటరు రక్తరసంలో ఎన్ని వైరస్ ప్రతులున్నాయో వైరల్ లోడ్ చెబుతుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చికిత్సను గమనించడానికి ఉత్తమ మార్గంగా సిఫారసు చేస్తూ, 1000 ప్రతులు దాటితే చికిత్స విఫలమవుతున్నదేమో చూడాలని హద్దు పెట్టింది. మందులు సక్రమంగా వేసుకుంటున్నవారిలో కూడా అప్పుడప్పుడు వైరస్ కొద్దిగా పైకి లేచి మళ్లీ దానంతటదే తగ్గడం మామూలే కాబట్టి, 50, 60 ప్రతులు కనిపించగానే మందులు మార్చడం సరికాదు. ఎండబెట్టిన రక్తపు చుక్కతో చేసే పరీక్షలు తక్కువ సంఖ్యలను నమ్మకంగా చెప్పలేకపోవడం మరో కారణం.

పరీక్షలో వైరస్ కనిపించనంతగా అణిగి ఉంటే లైంగిక సంపర్కం ద్వారా అది ఎదుటివారికి సోకదు. 1000 లోపు ఉంటే ఆ ముప్పు దాదాపు శూన్యమని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. దాంపత్యం, పిల్లలు, పెళ్లి సంబంధాల గురించి మనసులో కుమిలిపోయే ఎందరికో ఈ ఒక్క మాట ఏ సలహా కన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది. ఆ మాట చెప్పాలంటే మాత్రం పరీక్ష జరిగి ఉండాలి.

ఎండిన రక్తపు చుక్క అంటే ఏమిటి? అది మామూలు రక్తంతో సమానమా?

నవజాత శిశువులలో పుట్టుకతో వచ్చే జబ్బును కనిపెట్టడానికి 1960లలో అమెరికాలో రాబర్ట్ గథ్రీ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. దళసరి వడపోత కాగితం మీద గుండ్రని గుర్తుల్లో రక్తపు చుక్కలు వేసి, నీడలో ఆరబెట్టి, తేమను పీల్చే సంచితో కలిపి మూసిన కవరులో పెడితే, గది వేడిలోనే చాలా రోజులు నిలుస్తుంది. ఐస్ పెట్టె అక్కరలేదు, సీసా పగులుతుందన్న భయం లేదు, మామూలు పోస్టులో కూడా పంపవచ్చు. సిరంజితో రక్తం తీయడం వచ్చిన టెక్నీషియన్ లేనిచోట నర్సు వేలిని గుచ్చి సేకరించవచ్చు. మామూలు పద్ధతిలోనైతే రక్తం తీసిన ఇరవైనాలుగు గంటల్లోగా దాన్ని తిప్పి రక్తరసం వేరు చేయాలి. ఆ గడువు కిలోమీటర్ల కొద్దీ దూరాన్ని ఒప్పుకోదు.

రెండూ సమానం కావు. కాగితం మీద పడేది మొత్తం రక్తం. కణాల్లో దాగి ఉన్న వైరస్ జన్యుపదార్థం కూడా కొన్ని పరీక్షల్లో లెక్కలోకి వచ్చి, అసలు కన్నా ఎక్కువ సంఖ్య చూపే అవకాశం ఉంది. చుక్కలో ఉండే రక్తం కూడా చాలా కొద్ది కాబట్టి తక్కువ సంఖ్యలు దొరకవు. 1000 దగ్గర గీత గీసుకుని వాడితే ఈ లోపాలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. చుక్కలు సరిగా నిండకపోవడం, తడి ఆరకముందే కవరులో పెట్టడం, ఒకదానిపై ఒకటి పేర్చడం అన్నవే ఆచరణలో ఎక్కువ నమూనాలను పాడు చేస్తాయి.

క్లినిక్‌లోనే వైరల్ లోడ్ చేయడం సాధ్యమేనా?

సాధ్యమే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో హెలెన్ లీ బృందం రూపొందించిన సాంబా అనే పరికరం ఈ ఆలోచనను మొదట నిరూపించినవాటిలో ఒకటి. మలావీలోని చిరాడ్జులులో, ఉగాండాలోని అరువాలో సరిహద్దులు లేని వైద్యుల సంస్థ (ఎంఎస్ఎఫ్) క్లినిక్‌లలో దీన్ని పరీక్షించారు. ఇది అంకె చెప్పలేదు, 1000 పైనా, కిందా అన్నది మాత్రం కంటికి కనిపించే గీతలతో చెప్పింది. నర్సుకు కావలసినది కూడా అదే కదా.

తరువాత క్షయ పరీక్షలకు వ్యాపించిన జీన్ఎక్స్‌పర్ట్ యంత్రాలకే హెచ్ఐవీ వైరల్ లోడ్ కాట్రిడ్జి వచ్చింది. గంటన్నరలో ఫలితం ఇస్తుంది. క్షయ కార్యక్రమం కోసం ఇప్పటికే కొన్న యంత్రాన్ని రెండు పనులకూ వాడుకోవచ్చన్నది దీనిలోని పెద్ద సౌలభ్యం. అయితే రక్తరసం కావాలి, అంటే ఆ క్లినిక్‌లో రక్తాన్ని తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉండాలి, గదిలో వేడి హద్దు దాటకూడదు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో 390 మందితో జరిగిన స్ట్రీమ్ పరిశోధనలో, క్లినిక్‌లోనే పరీక్ష చేసి అదే రోజు ఫలితం చెప్పి, శిక్షణ పొందిన నర్సులకు బాధ్యత అప్పగించినప్పుడు, ఏడాది తరువాత వైరస్ అణిగి ఉండి చికిత్సలో కొనసాగుతున్నవారు 90 శాతం ఉన్నారు. మామూలు పద్ధతిలో అది 76 శాతం. ఈ తేడాలో యంత్రం వాటా ఎంత, నర్సు వాటా ఎంత అన్నది విడదీయలేం. యంత్రం అమ్మేవారు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

ప్రతి క్లినిక్‌లో యంత్రం పెట్టడం వివేకం కాదు. రోజుకు ఇద్దరు ముగ్గురు రోగులు వచ్చే చోట అది దుమ్ము పట్టి ఉంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు, గత ఫలితం 1000 దాటినవారికి అదే రోజు ఫలితం ఇవ్వడం, మిగతావారి నమూనాలను పెద్ద ప్రయోగశాలకు పంపడం అన్నది ఇప్పటికి సమంజసమైన ఏర్పాటుగా కనిపిస్తోంది.

ఈ పరీక్షల ధరలు ఎలా తగ్గాయి?

బేరంతో తగ్గాయి. మందుల విషయంలో 2001లో సిప్లా సంస్థకు చెందిన యూసుఫ్ హమీద్ ఏడాదికి 350 డాలర్లకు మూడు మందుల చికిత్స ఇస్తామని ప్రకటించినప్పటి నుంచి పోటీ మొదలైంది. హైదరాబాద్ చుట్టుపక్కల పరిశ్రమలు అందులో పెద్ద పాత్ర వహించాయి. డోలూటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు ఉన్న కలయిక మాత్రను ఏడాదికి 75 డాలర్లకు ఇచ్చేందుకు 2017లో కుదిరిన ఒప్పందంలోని ఇద్దరు తయారీదారుల్లో ఒకటి హైదరాబాద్‌కు చెందిన అరబిందో. పరీక్షల విషయంలో అలాంటి పోటీ ఎదగలేదు. ఒక కంపెనీ యంత్రం కొన్నవారు అదే కంపెనీ రసాయనాలు కొనక తప్పదు. ప్రింటరు కొన్నాక అదే కంపెనీ ఇంకే కొనాల్సి వచ్చినట్టుంటుంది వ్యవహారం.

2014లో రోష్ కంపెనీ వైరల్ లోడ్ పరీక్షకు 9.40 డాలర్ల గరిష్ఠ ధర ప్రకటించడం పెద్ద మలుపు. 2018లో హోలాజిక్ కంపెనీ, యంత్రం, నిర్వహణ, రవాణా అన్నీ కలిపి ఒక్కో నమూనాకు 12 డాలర్లన్న ఒప్పందానికి వచ్చింది. పైకి చూస్తే రెండవది ఎక్కువ. యంత్రం కొనకుండా, పాడైతే బాగుచేసే బాధ్యత కూడా కంపెనీదే అయినప్పుడు, దేశం దృష్టిలో రెండవదే తక్కువ కావచ్చు.

కొన్న యంత్రాలు మూలనపడి ఉంటాయంటారు, నిజమేనా?

నిజమే. రసాయనాల సరఫరా ఆగిపోవడం, మరమ్మతు ఒప్పందం గడువు తీరిపోవడం, శిక్షణ పొందిన మనిషి బదిలీ కావడం, దాతలు ఇచ్చిన యంత్రాన్ని బిగించేవాడు రాకపోవడం దీనికి మామూలు కారణాలు. ప్రారంభోత్సవానికి ఫొటోలుంటాయి, మరమ్మతుకు ఉండవు.

నమూనాలూ ఫలితాలూ రవాణా చేయడానికి ఏం చేస్తున్నారు?

లెసోతో కొండల్లో రైడర్స్ ఫర్ హెల్త్ సంస్థ మోటారుసైకిళ్లతో క్లినిక్‌ల నుంచి నమూనాలు తెచ్చి ఫలితాలు తిరిగి చేర్చింది. బండి పాడుకాకముందే సర్వీసు చేయించడమే వారి అసలు విద్య. జాంబియా, మలావీలలో ప్రాజెక్ట్ మ్వానా పేరుతో పసిపిల్లల ఫలితాలను కాగితం కోసం ఆగకుండా ఎస్ఎంఎస్ ద్వారా క్లినిక్‌కు పంపారు.

మందులు సక్రమంగా వేసుకుంటున్నారో లేదో పరీక్ష లేకుండా తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, మందులు తీసుకెళ్లిన తేదీలు చూడడం పైసా ఖర్చులేని పద్ధతులు. నెలకు రావలసిన మనిషి పది రోజులు ఆలస్యంగా వస్తే ఆ పది రోజులు మాత్ర పడలేదనే అర్థం. మాత్రల లెక్కకు ఉన్న ఇబ్బంది ఏమిటంటే, రోగి తిట్లు తప్పించుకోవడానికి మిగిలినవాటిని ఇంట్లోనే వదిలి రావచ్చు.

కెన్యాలో 538 మందితో జరిగి 2010లో వెలువడిన ఒక పరిశోధనలో నర్సు వారానికి ఒక ఎస్ఎంఎస్ పంపేది. అందులో ‘మాంబో?’ అన్న ఒక్క పలకరింపే ఉండేది. స్వాహిలీలో ‘ఎలా ఉన్నారు?’ అని. రెండు రోజుల్లో ‘సావా’ అంటే బాగున్నామనీ, ‘షిడా’ అంటే ఇబ్బంది ఉందనీ జవాబు. ఇబ్బంది అన్నవారికి, జవాబివ్వనివారికి నర్సు ఫోను చేసేది. మందులు క్రమంగా వేసుకున్నవారు సందేశాలు అందని వర్గంలో 50 శాతం, అందిన వర్గంలో 62 శాతం. వైరస్ అణిగినవారు అదే వరుసలో 48, 57 శాతం. ఆ సందేశంలో హెచ్ఐవీ అన్న మాట గానీ, మాత్ర అన్న మాట గానీ లేదు. ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉన్నా రహస్యం బయటపడదు.

రికార్డుల సంగతేమిటి?

మలావీలో ప్రతి మనిషి దగ్గరా హెల్త్ పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం ఉంటుంది. బావోబాబ్ హెల్త్ సంస్థ అక్కడి క్లినిక్‌లలో తక్కువ కరెంటుతో నడిచే తాకుతెర కంప్యూటర్లు పెట్టి, ఆ పుస్తకం మీద బార్‌కోడ్ అతికించి, నర్సు ఒక్కో ప్రశ్నకు జవాబు తాకుతూ పోతే రికార్డు తయారయ్యేలా చేసింది. కీబోర్డు అలవాటు లేనివారు కూడా వాడగలిగారు. కెన్యాలోని ఎల్డోరెట్ చికిత్స కార్యక్రమం అవసరాల నుంచి 2004లో ఓపెన్ఎంఆర్ఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుట్టి అనేక దేశాలకు వ్యాపించింది. మన ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్ఐవీ మందులు ఇచ్చే ప్రభుత్వ కేంద్రాల్లో) కేంద్రం వద్ద ఉండే వైట్ కార్డు, రోగి వెంట ఉండే గ్రీన్ బుక్ కాగితం రూపంలో ఇదే పని చేశాయి.

పిల్లలకు కూడా ఇవే పరీక్షలా?

పద్దెనిమిది నెలల లోపు బిడ్డ రక్తంలో తల్లి ప్రతిరక్షకాలు ఉంటాయి కాబట్టి మామూలు త్వరిత పరీక్ష బిడ్డకు సోకిందో లేదో చెప్పలేదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతకాలి. అందుకే ఆరు వారాలకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితంపై ప్రయోగశాలకు పంపుతారు. ఇక్కడ ఆలస్యం ప్రాణాంతకం. చికిత్స అందని పిల్లల్లో దాదాపు సగంమంది రెండేళ్లు నిండకుండానే చనిపోతారు. మొజాంబిక్‌లో క్లినిక్‌లోనే పరీక్ష చేసినప్పుడు, సోకిన పసిపిల్లల్లో దాదాపు 90 శాతం మందికి రెండు నెలల లోపు చికిత్స మొదలైంది. నమూనా ప్రయోగశాలకు వెళ్లిన చోట ఆ సంఖ్య 13 శాతం మాత్రమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నవారికి ఈ పరీక్షలు ఎలా అందుతాయి?

2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అత్యధిక తీవ్రత ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. అప్పట్లో చికిత్సను సీడీ4తో గమనించేవారు. అందరికీ క్రమం తప్పకుండా వైరల్ లోడ్ చేసే కార్యక్రమం 2018లో ప్రారంభమైంది. ఏఆర్‌టీ కేంద్రంలో నమోదైనవారికి ఈ పరీక్షలు ఉచితం. చికిత్స మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏడాదికొకసారి వైరల్ లోడ్ చూస్తారు. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సాధారణంగా మీ అంగీకారం లేకుండా ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు.

నా వైరల్ లోడ్ 1000 దాటింది. మందులు మార్చేస్తారా?

వెంటనే మార్చరు. ముందు కౌన్సిలర్ మీతో కూర్చుని మాత్రలు ఎందుకు తప్పుతున్నాయో తెలుసుకుంటారు. ప్రయాణాలు, రాత్రి డ్యూటీలు, ఇంట్లో దాచుకోవలసి రావడం, ఇతర మందులతో కలవకపోవడం, తాగుడు వంటివి సాధారణంగా బయటపడే కారణాలు. కొన్ని నెలలు క్రమంగా వేసుకున్నాక మళ్లీ పరీక్ష చేస్తారు. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న డోలూటెగ్రావిర్‌కు వైరస్ అంత తేలికగా అలవాటుపడదు కాబట్టి చాలామందిలో ఈ రెండవ ఫలితం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతేనే లైన్, అంటే మందుల కలయిక, మార్చే విషయం ఆలోచిస్తారు.

రక్తం ఇచ్చి చాలా కాలమైంది, ఫలితం రాలేదు. ఏం చేయాలి?

మాత్రలు ఆపకండి. తదుపరి సారి మందులకు వెళ్లినప్పుడు గ్రీన్ బుక్ తీసుకెళ్లి, ఏ తేదీన రక్తం తీశారో చూపించి, నమూనా ప్రయోగశాలకు చేరిందా, తిరస్కరించారా అని అడగండి. గడ్డకట్టినా, చీటీ మీద నంబరు తప్పు పడినా ప్రయోగశాల నమూనాను తిరస్కరిస్తుంది, ఆ కబురు రోగిదాకా రాకపోవచ్చు. అలాంటప్పుడు అదే రోజు మళ్లీ రక్తం తీయమని అడగడానికి సంకోచించనవసరం లేదు. కేంద్రానికి వెళ్లలేని స్థితిలో ఉంటే 1097 ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు.